పిల్లల పళ్ల పని: మా కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

మొక్కలు, వీధి దీపాలు, బోరు మోటారు రిపేరు సంగతులన్నీ జమాఖర్చుల కాగితంతో పాటు జత చేశాం. వాటి మీద సభలో అడగండి. ఈ నివేదికను మాత్రం కాలనీ పిల్లలకు పెట్టించిన పళ్ల వైద్య శిబిరం పనికే కేటాయించాను. ఈ ఏడాది కమిటీ ఎక్కువ తిరిగిందీ, ఎక్కువ మాటలు పడ్డదీ దానికోసమే.

ఇల్లిల్లూ తిరిగినప్పుడు అందరి నోటా ఒకటే మాట: "ఎట్లనూ ఊడిపోయే పండ్లే గద సార్, వాటికి ఖర్చెందుకు?" పాలపళ్లు ఇరవయ్యీ ఊడేవే, కాదనం. కాకపోతే ముందు పళ్లు ఆరేడేళ్లకే కదిలినా, దవడ పాలపళ్లు పదేళ్లో పన్నెండేళ్లో వచ్చేదాకా నిలవాలి. నాలుగేళ్లకే పుచ్చిన పన్నుతో ఆ పిల్ల ఇంకో ఆరేడేళ్లు నమలాలన్నమాట. తొందరపడి పీకిస్తే పక్క పన్ను ఆ సందులోకి ఒరుగుతుంది, తర్వాత రావలసిన పన్నుకు జాగా ఉండదు. వంకర పళ్లకు కట్టించే కమ్మీల ఖర్చు కొన్ని ఇళ్లలో ఇక్కడే మొదలవుతుంది.

మా కమిటీకే తెలియని విషయం ఒకటి శిబిరంలో బయటపడింది. రెండో తరగతి బాబు నోట్లోకి టార్చి వేసి, డాక్టరమ్మ అన్నిటికన్నా వెనకున్న దవడ పన్ను చూపించారు. "అదీ పాలపన్నే గద మేడం" అంది తల్లి. కాదు. ఆరేళ్ల వయసులో ఏ పన్నూ ఊడకుండానే పాలపళ్ల వెనక వచ్చే శాశ్వత పన్ను అది. ఏదీ ఊడలేదు కాబట్టి అది వచ్చిన సంగతి ఇంట్లో ఎవరూ గమనించరు. దాని పైభాగాన సన్నటి లోతు గీతలు, ఆ గీతల్లో పొద్దున తిన్న బిస్కెట్ ముద్ద. బ్రష్ కుచ్చు అందులోకి దూరదు. పుచ్చు ఇంకా పట్టలేదు గనక ఆ పూటే సీలెంట్, అంటే ఆ గీతల్ని మూసేసే పూత, వేశారు: పన్ను తుడిచి, జెల్ రాసి కడిగి, ఆరబెట్టి, పల్చటి ద్రవం పోసి నీలం లైటు పట్టారు. పన్ను తొలిచే మిషన్ లేదు, సూది లేదు. పని అయిపోయిందంటే వాడు నమ్మలేదు.

పుచ్చు పట్టకుండా పళ్లకు పూసే ఫ్లోరైడ్ వార్నిష్ దగ్గర మాత్రం గట్టిగా చిక్కుకున్నాం. మన కాలనీలో సగం మంది నల్లగొండ వైపు వాళ్లం. ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగిన మనుషుల్ని చూస్తూ పెరిగాం. ఆ మాట వింటేనే కొందరు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. వాళ్లది తెలివితక్కువ భయం కాదని నా అభిప్రాయం. అక్కడి కీడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగడం వల్ల వచ్చింది. వార్నిష్ అయితే ఏడాదికి రెండుసార్లు కొన్ని చుక్కలు పంటి మీద పూసేది, ఉమ్మి తగలగానే అక్కడే గట్టిపడుతుంది. ఇది విడమరిచి చెప్పాక చాలామంది ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్లను బలవంతపెట్టలేదు.

సంఘం తప్పు ఒకటి ఒప్పుకోవాలి. సూదికి, మిషన్‌కు హడలిపోయే చిన్నపిల్లలకు పుచ్చు ఆగిపోవడానికి సిల్వర్ డయామైన్ ఫ్లోరైడ్ పూశారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చిన మందే అది. అయితే పుచ్చిన చోటును శాశ్వతంగా నల్లగా మారుస్తుంది. ఆ సంగతి తల్లులకు ముందే చెప్పే బాధ్యత మేం తీసుకుని, హడావుడిలో ఒక ఇంటికి చెప్పడం మరిచాం. మర్నాడు పొద్దున్నే ఆ పాప నాయనమ్మ ఆఫీసుకొచ్చి, "మంచిగ జేస్తరనుకుంటే పిల్ల పన్నుకు మసి పూసి పంపిండ్రు" అని అరగంట దులిపేసింది. మేం నోరెత్తలేదు. అప్పటినుంచి పూయకముందే ఫోటో చూపించి, సంతకం తీసుకుంటున్నాం.

ఇంకో సిగ్గుచేటు: పళ్ల మీద బొమ్మల పోటీ పెట్టి, గెలిచిన పిల్లలకు చాక్లెట్ డబ్బాలు పంచాం. ఎవరు కొన్నారో రాయను, నేనే.

లోతుగా పుచ్చిన దవడ పాలపళ్లకు కొందరికి స్టీలు క్యాపులు తొడిగారు. ఒకడు వీధంతా తిరిగి తన "వెండి పన్ను" చూపించుకున్నాడు, పక్కింటి పిల్ల తనకూ కావాలని ఏడ్చింది.

పళ్లు తోమే పేస్టు సంగతి: మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠానీ గింజంత చాలు. టీవీలో చూపించేంత అక్కర్లేదు. రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటు మాన్పించడం అన్నిటికన్నా కష్టమని తల్లులు చెప్పారు. దానికి మా దగ్గరా ఉపాయం దొరకలేదు.

వార్నిష్ వేయించుకున్న పిల్లలకు రెండో విడత వేయాలి, పేర్ల పుస్తకం ఆఫీసు బీరువాలో ఉంది. ఇల్లు మారినవాళ్లు ఫోన్ నంబరు రాసి వెళ్లండి. శిబిరంలో వాడిన టార్చి ఎవరో తీసుకెళ్లారు, దయచేసి తెచ్చివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి