సుంకి ఘాట్ మలుపులో నాలుగున్నర గంటలు

ఇంటి దగ్గరికే వచ్చి టైర్లు బిగించే సర్వీసు నడుపుతున్న కంపెనీ మేనేజర్ గారికి,

విషయం: సాయం కోసం ఫోన్ చేస్తే నన్ను ఒకరి మీద నుంచి ఒకరి మీదకు తోసేయడం గురించి.

నమస్కారమండీ. నేను ఒడిశాలో కోరాపుట్ జిల్లా సెమిలిగుడలో టాక్సీ నడుపుతాను. 1960ల్లో సునాబెడలో విమాన ఇంజన్లు చేసే హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీ కడుతున్నప్పుడు మా తాత శ్రీకాకుళం వైపు నుంచి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మూడేళ్లుగా నేను మీ కస్టమర్ని. మా స్టాండ్‌లో ఐదుగురు డ్రైవర్లకు మీ నంబరు ఇచ్చింది కూడా నేనే. 'టైరు మోసుకుని షాపు చుట్టూ తిరగక్కర్లేదు, వ్యాన్ మన గుమ్మంలోకే వస్తుంది' అని నా నోటితో నేనే చెప్పాను. అందుకే ఇప్పుడు ఇంత బాధగా ఉంది.

పోయిన నెల మీ కుర్రాడు వచ్చి ముందు టైర్లు రెండూ మార్చాడు. గన్‌తో నట్లు బిగించి వెళ్లిపోయాడు. నట్లు సరిగ్గా ఎంత బిగించాలో అంతే బిగించే టార్క్ రెంచ్ బయటికే తీయలేదు. కొంత దూరం తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి చూసుకోమని కూడా చెప్పలేదు. నేనూ డ్రైవర్నే, నేను చూసుకోవాల్సింది, ఆ మాట ఒప్పుకుంటాను. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఈ ఉత్తరం దాని గురించి కాదు.

పోయిన గురువారం మా స్టాండ్ పక్కన ఇడ్లీ బండి పెట్టుకునే పెద్దమ్మను కంటి ఆపరేషన్‌కి వైజాగ్ తీసుకెళ్తున్నాను. ఒడిశా, ఆంధ్రా సరిహద్దు దగ్గర సుంకి దాటి ఘాట్ దిగుతుంటే స్టీరింగ్ వణికింది. బండి పక్కకు తీసి చూస్తే ఎడమ ముందు చక్రానికి ఉండాల్సిన నాలుగు నట్లలో ఒకటి లేదు. ఇంకో రెండు నా వేళ్లతోనే తిరుగుతున్నాయి. అప్పుడు టైము తొమ్మిదిన్నర. వెంటనే మీకే ఫోన్ చేశాను.

మొదటి అమ్మాయి హిందీలో మాట్లాడింది. ఇరవై నిమిషాల్లో టెక్నీషియన్ వస్తాడంది. ఒక మాట గట్టిగా చెప్పింది: "మీరు చక్రం ముట్టుకోకండి సార్, ముట్టుకుంటే వారంటీ పోతుంది." సరే అని ముట్టుకోలేదు. పదిన్నరకి మళ్లీ చేశాను. ఈసారి వేరే అతను. నేను చెప్పిందేదీ అతని దగ్గర లేదు. పేరు, బండి నంబరు, సమస్య అన్నీ మొదటి నుంచి చెప్పించుకుని పిన్‌కోడ్ అడిగాడు. కొండ మలుపులో నిలబడ్డవాణ్ని, ఏ పిన్‌కోడ్ చెప్పను? సాలూరుది చెప్పాను. 535 అంటే ఆంధ్రా అని ఆంధ్రా టీముకి కలిపాడు. ఆంధ్రా టీములో అతను తెలుగువాడే. మనవాడు దొరికాడనుకున్నాను. నా బండి నంబరు ఓడీ 10 అని వినగానే, "ఒడిశా బండి కదండీ, ఒడిశా టీమే చూడాలి" అని లైను మార్చేశాడు. ఒడిశా టీమువాళ్లు ఏమన్నారో తెలుసా? సుంకి దాటాక తమకు సంబంధం లేదట. ఒడిశావాళ్లకు బండి నిలబడ్డ చోటు ముఖ్యం, ఆంధ్రావాళ్లకు నంబరు ప్లేటు ముఖ్యం. ఆ కారులో కూర్చున్న మనిషి మాత్రం ఇద్దరికీ ముఖ్యం కాదు.

ఆ మలుపులో సిగ్నల్ అందదు. ప్రతి ఫోన్‌కీ రోడ్డెక్కి పైదాకా నడవాలి, మాట్లాడి మళ్లీ కిందికి రావాలి. నేను దిగి వచ్చినప్పుడల్లా పెద్దమ్మ నా మొహం చూసేది. ఉదయం నుంచి ఏమీ తినలేదు ఆవిడ. కొంగు తల మీదకు లాక్కుని, కంట్లో వేసుకునే చుక్కల సీసా పిడికిట్లో పట్టుకుని, "వస్తన్నారా బాబూ?" అని అడిగేది. "వస్తున్నారు పెద్దమ్మా" అని ఆరుసార్లు చెప్పాను. మీ మాట నమ్మి ఆవిడకి ఆరుసార్లు అబద్ధం చెప్పాను. సూపర్‌వైజర్‌ని ఇమ్మంటే భోజనానికి వెళ్లారన్నారు. అప్పటికి పదకొండున్నర కూడా కాలేదు.

ఒంటిగంటా నలభైకి మెసేజ్ వచ్చింది: 'కస్టమర్ అందుబాటులో లేనందున మీ ఫిర్యాదు ముగించబడింది.' దాని వెనకే ఇంకోటి, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని. అది చదివినప్పుడు నా చేతులు వణికాయండీ. నేను ఆ రోడ్డు మీదే ఉన్నాను. ఉదయం నుంచి అక్కడే ఉన్నాను.

రెండు గంటలకు సాలూరు లారీ డ్రైవర్ ఒకాయన ఆగాడు. నేను అడగలేదు, చెయ్యి కూడా ఎత్తలేదు. వెనక చక్రం నుంచి ఒక నట్టు తీసి ముందుకు వేశాడు, స్పానర్‌కి పైపు తొడిగి నాలుగూ బిగించాడు. పావుగంట పట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు. "అమ్మని జాగ్రత్తగా తీసుకెళ్లు తమ్ముడూ, సాలూరులో ఇంకోసారి చూపించుకో" అన్నాడు. వారంటీ పోతుందని భయపడి నేను నాలుగున్నర గంటలు ముట్టుకోని చక్రం అది. ఆస్పత్రికి వెళ్లేసరికి ఆ రోజు ఆపరేషన్లు అయిపోయాయి. పెద్దమ్మకి ఇంకో తేదీ ఇచ్చారు.

ఆ తర్వాత కూడా ఊరుకోలేదు. ఈ వారంలో పదకొండు సార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ కొత్త గొంతు, "మీ సమస్య ఏమిటి సార్?" అని మళ్లీ మొదటికి. ఈమెయిల్ పెడితే 48 గంటల్లో స్పందిస్తామని దానంతట అదే జవాబు వచ్చింది. ఆరు రోజులైంది. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడ్డాయి, అంటే చదివారు. చదివి కూడా ఒక్క మాట రాయలేదు.

బిగించినందుకు తీసుకున్న డబ్బు వెనక్కి ఇస్తే ఇవ్వండి, అది అడగడం నా హక్కే. కానీ నాకు ముందు కావాల్సింది మీలో ఒక మనిషి. మీ కంపెనీ నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేసి, పెద్దమ్మతో తెలుగులో 'తప్పు మాదే అమ్మా' అనాలి. వృథాగా పోయిన ట్రిప్పుకీ, మళ్లీ వెళ్లాల్సిన ట్రిప్పుకీ కిరాయి ఆవిడ దగ్గర నేను తీసుకోను. అది మీరే కట్టాలి.

వచ్చే సోమవారం దాకా చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల కోసం ఉన్న 1915 హెల్ప్‌లైన్‌కి చెబుతాను, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. అక్కడ మాత్రం ఆంధ్రా టీము, ఒడిశా టీము అని మీరు తప్పించుకోలేరు. మా స్టాండ్‌లో ఐదుగురూ మీ నంబరు తీసేస్తామంటున్నారు. సోమవారం దాకా ఆగమని వాళ్లకు చెప్పాను.

నా ఫోన్ నంబరు ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ మీవాళ్లు దాన్ని రాసుకున్నారు.

ఇట్లు,
సెమిలిగుడ టాక్సీ స్టాండ్ నుంచి మీ మూడేళ్ల కస్టమర్