సేవ చేసినవారి టిప్పు సొమ్ము నాకు వాపసు వద్దు: క్రూయిజ్ సంస్థకు ఫిర్యాదు లేఖ

సోంపేట, శ్రీకాకుళం జిల్లా,
2022 నవంబరు 14.

ప్రయాణికుల సేవా విభాగం అధిపతి గారికి,
ముంబయి కార్యాలయం.

విషయం: 2022 ఆగస్టు 21 నుంచి 26 వరకు సింగపూర్ నుంచి సాగిన ఓడ ప్రయాణంలో అందని సౌకర్యాలకు పరిహారంగా సిబ్బంది టిప్పును వాపసు చేయడంపై అభ్యంతరం.

ఆర్యా,

అక్టోబరు 28న మీ విభాగం నుంచి వచ్చిన ఈమెయిలు చదివాను. నా కార్డు ఖాతాకు 180 సింగపూర్ డాలర్లు జమ చేశామని, దీనితో నా ఫిర్యాదు పరిష్కారమైనట్టు నమోదు చేసుకుంటున్నామని అందులో ఉంది. ఆ మొత్తం ఎక్కడిదో పాత బిల్లుతో సరిచూసుకున్నాను. తలకు రోజుకు 18 డాలర్ల చొప్పున, ఇద్దరికి, 5 రోజులకు, టికెట్టుతో పాటు మేము ముందే కట్టిన టిప్పు అది. మాకు అందని సౌకర్యాల వెల తిరిగి ఇవ్వమని అడిగితే, మాకు సేవ చేసినవారి సొమ్ము తీసి మా చేతిలో పెట్టారు. ఈ పరిష్కారాన్ని నేను అంగీకరించడం లేదు.

ఈ ప్రయాణం మాకు ఒక్కరోజులో కుదిరినది కాదు. నేను ఉద్యోగ విరమణ చేశాక ఒక్కసారైనా సముద్రం మీద ప్రయాణించాలన్న నా భార్య కోరిక మేరకు 2020 ఏప్రిల్ నెలకు మీ దగ్గరే బుక్ చేసుకున్నాం. కరోనా వల్ల మార్చి 13న సింగపూర్ తన రేవులకు క్రూయిజ్ ఓడల రాకను ఆపివేసింది. పది రోజులు తిరగకముందే మన దేశానికి అంతర్జాతీయ విమానాలూ నిలిచిపోయాయి. అందులో మీ తప్పు లేదు, అప్పుడు నేను మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. డబ్బు వెనక్కి ఇవ్వమంటారా, తర్వాతి ప్రయాణానికి క్రెడిట్‌గా ఉంచమంటారా అని మీరు అడిగినప్పుడు, ఓడలన్నీ ఖాళీగా లంగరు వేసుకుని ఉన్న ఆ రోజుల్లో పనివారి జీతాలకైనా పనికొస్తుందని క్రెడిట్‌గానే ఉంచమన్నాను. రెండేళ్ళకు పైగా ఆ సొమ్ము వడ్డీ లేకుండా మీ దగ్గరే ఉంది. ఇప్పుడీ పాత సంగతి ఎందుకంటే, మీ ఈమెయిలు చివర, ఇంకా అసంతృప్తి ఉంటే 12 నెలల్లో వాడుకోవలసిన క్రెడిట్ మరొకటి ఇస్తామని ఉంది. ఒకసారి ఒప్పుకున్నాను. 67 ఏళ్ళ వయసులో రెండోసారి ఒప్పుకోలేను.

ఇక ఆగస్టులో జరిగినది. రెండు డోసుల టీకా, బూస్టరు వేయించుకుని, మీరు అడిగిన పరీక్ష చేయించుకుని, నెగెటివ్ పత్రంతోనే 21వ తేదీ ఆదివారం సాయంత్రం ఓడ ఎక్కాం. మర్నాడు ఉదయం నాకు ఒళ్ళు వెచ్చబడింది. ఎవరూ అడగకుండానే నేనే వైద్య కేంద్రానికి వెళ్ళి చెప్పాను. పరీక్షలో పాజిటివ్ వచ్చింది. నా భార్యకు నెగెటివ్ వచ్చినా నన్ను వదిలి ఉండనని నాతోపాటే ఐసొలేషన్ గదికి వచ్చింది, తర్వాతి రాత్రికి ఆమెకూ జ్వరం తగిలింది. సోమవారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం ఉదయం ఓడ రేవు చేరేదాకా మేము ఆ గది గడప దాటలేదు. దీనిని నేను తప్పు పట్టడం లేదు. తోటి ప్రయాణికుల క్షేమం కోసం అది చేయవలసినదే. డాక్టరు ఫీజు, మందుల ఖర్చు తీసుకోబోమని బుకింగ్ సమయంలో ఇచ్చిన మాటను కూడా మీరు నిలబెట్టుకున్నారు, అందుకు కృతజ్ఞుణ్ణి.

నా ఫిర్యాదు సౌకర్యాల దగ్గర మొదలవుతుంది. మీ ప్రకటనలో "ఉచిత కానుకలు" అన్న పేరుతో ప్రత్యేక రెస్టారెంట్లలో రెండు రాత్రుల భోజనం, పానీయాల ప్యాకేజీ, వైఫై, పెనాంగ్‌లోనూ ఫుకెట్‌లోనూ ఊరు చూపించే యాత్రలు, ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి 200 డాలర్ల క్రెడిట్ ఉన్నాయి. వీటిలో మేము అనుభవించినది మొదటి సాయంత్రం తాగిన రెండు గ్లాసుల పళ్ళరసం, నాలుగు రోజుల వైఫై. పెనాంగ్ తీరాన్ని, ఫుకెట్ కొండలను గది అద్దంలోంచి చూశాం. ప్రత్యేక భోజనానికి బదులుగా అట్టపెట్టెల్లో వచ్చిన నూడిల్స్, కేకులు షుగరు వ్యాధి ఉన్న నా భార్య తినలేకపోయింది. ఆమెకు ఆ వ్యాధి ఉందని బుకింగ్ ఫారంలో రాసే ఉంచాం. 200 డాలర్ల క్రెడిట్ ప్రయాణం ముగియగానే రద్దయిపోయింది. గదిలో బంధించి ఉంచిన మనిషికి దుకాణాల్లో మాత్రమే చెల్లే సొమ్ము ఇవ్వడం వల్ల ప్రయోజనం ఏమిటో మీరే ఆలోచించండి.

ఇవన్నీ ఉచితంగా ఇచ్చినవి కనుక వాపసు వర్తించదని సెప్టెంబరులో మీరు రాసిన మొదటి జవాబులో అన్నారు. నేను ముప్పై మూడేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. అదే తేదీకి, అదే తరహా గదికి, కానుకలు లేని ధర, కానుకలున్న ధర మీ పట్టికలో పక్కపక్కనే ఉన్నాయి. రెండింటికీ మధ్య తలకు 210 డాలర్లు, ఇద్దరికీ కలిపి 420 డాలర్ల తేడా ఉంది. ఆ తేడా కట్టి కొనుక్కున్న వస్తువును ఉచితం అనడం ఏ లెక్క ప్రకారమూ కుదరదు. దానికి వెల కట్టింది మీరే. వాడుకున్న వైఫైకి, ఒక పూట పానీయాలకు న్యాయంగా ఎంతవుతుందో తగ్గించుకుని మిగిలినది ఇవ్వండి.

అసలు బాధ టిప్పు గురించి. ఐసొలేషన్ గదులున్న అంతస్తులో మాకు తిండి తెచ్చిన అబ్బాయికి ఇరవై అయిదేళ్ళు మించవు. పూర్తిగా కప్పే ప్లాస్టిక్ దుస్తుల్లో వచ్చి, తలుపు బయట బల్ల మీద పళ్ళెం పెట్టి, తట్టి, వెనక్కి జరిగి నిలబడేవాడు. ఆ నాలుగు రోజుల్లో మేము అతని ముఖం చూడలేదు, కళ్ళు మాత్రమే చూశాం. అమ్మగారికి జ్వరం తగ్గిందా అని ప్రతిసారీ అక్కడి నుంచే అడిగేవాడు. ఆమె కేకులు తినలేకపోతోందని తెలిశాక, వంటవాళ్ళను ఎలా ఒప్పించాడో గానీ, బుధవారం రాత్రి వేడన్నం, గిన్నెడు పెరుగు తెచ్చాడు. మీ సంస్థ మాకు బాకీపడినదాన్ని తనకు చేతనైనంత మేర తీర్చినది అతనొక్కడే. ఇప్పుడు ఆ బాకీకి జమకట్టినది కూడా అతని టిప్పే. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుగా ఉంది మీ పరిహారం.

ఈ విషయం నాకు పుస్తకాల ద్వారా తెలిసినది కాదు. మా ఉద్దానం కుర్రాళ్ళు ఓడ పనులకు వెళ్ళడం కొత్త కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను దాటినప్పుడు మా చెల్లెలి కొబ్బరి తోట మొత్తం నేలమట్టమైతే, కొత్త మొక్క కాపుకొచ్చేదాకా ఇల్లు గడవడం కోసం ఆమె కొడుకు వేరే సంస్థ ఓడలో గదులు సర్దే పనిలో చేరాడు. అతని చేతికొచ్చే డబ్బులో జీతం కంటే టిప్పు వాటాయే ఎక్కువ. ఎవరైనా ప్రయాణికుడు డెస్కు దగ్గరకు వెళ్ళి టిప్పు తీయించేసుకుంటే, ఆ నెల ఇంటికి పంపే సొమ్ము అంత మేర తగ్గుతుంది. 2020 ఫిబ్రవరిలో యోకహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడను నిలిపివేసినప్పుడు, అందులో ఉన్న 3,711 మందిలో 712 మందికి కరోనా సోకింది. ప్రయాణికులు గదుల్లో ఉంటే, వారి తలుపుల దగ్గరకు తిండి మోసినవారు ఓడ సిబ్బంది. వారిలో మన దేశస్థులు 132 మంది. ఆ వార్తలు టీవీలో వస్తున్నప్పుడు మా చెల్లెలు తిండి మానేసి కూర్చున్న రోజులు నాకు గుర్తున్నాయి. అంటురోగం ఉన్న గది తలుపు రోజుకు ఆరుసార్లు తట్టిన పిల్లవాడి కూలి వెనక్కి తీసుకుని దాచుకునే మనిషిని కాను.

దీనిలో ఇంకొక చిక్కుంది. మీ ప్రయాణ నిబంధనల్లో టిప్పు "పూర్తిగా సిబ్బందికే చెందుతుంది" అని రాసి ఉంది. అది నిజమైతే ఆ 180 డాలర్లు ఆగస్టులోనే వారివైపోయాయి, అక్టోబరులో నాకు ఇచ్చే అధికారం మీకు లేదు. అక్టోబరు దాకా ఆ సొమ్ము మీ దగ్గరే ఉన్నదంటే, నిబంధనల్లో రాసినది నిజం కాదు. ఈ రెండింటిలో ఏది జరిగిందో నాకు రాతపూర్వకంగా చెప్పాలి. మన దేశం 2015లో ఆమోదించిన 2006 నాటి సముద్ర కార్మికుల ఒప్పందం ప్రకారం, ఓడ సిబ్బందికి నెలనెలా చెల్లింపుల లెక్క పత్రం ఇవ్వాలి, అదనపు చెల్లింపులు కూడా అందులో చూపాలి. కనుక లెక్క లేదని మీరు అనలేరు. ఒకవేళ ఐసొలేషన్ అంతస్తులో పనిచేసినవారికి టిప్పు వాటాలో చోటే లేకపోతే, మేము ఖాళీ చేసిన పాత గది పేరు మీద ఆ సొమ్ము ఎవరికి వెళ్ళిందన్న ప్రశ్న కూడా వస్తుంది. దానికీ జవాబు కావాలి.

మీరు జమచేసిన 180 డాలర్లను నేను ఖర్చు పెట్టలేదు, పెట్టను. ఏ ఖాతాకు పంపితే అది నేరుగా ఆ ప్రయాణపు సిబ్బంది వాటాలో కలుస్తుందో తెలియజేస్తే ఆ రోజే పంపుతాను. సౌకర్యాల సొమ్మును క్రెడిట్‌గా కాక నగదుగా నా బ్యాంకు ఖాతాకు చెల్లించండి, అది సంస్థ ఆదాయంలోంచి ఇవ్వాలి, పనివారి వాటాలోంచి కాదు. ఇకమీద ఐసొలేషన్‌లో ఉంచవలసి వచ్చే ప్రయాణికులెవరికైనా టిప్పు వాపసును పరిహారంగా చూపే పద్ధతిని మానేస్తామని కూడా మీ జవాబులో ఉండాలి. చాలామంది ప్రయాణికులు ఆ డబ్బు ఎక్కడిదో చూసుకోకుండానే తీసుకుని ఉంటారు. వారిని నేను తప్పు పట్టను.

30 రోజుల్లో జవాబు రాకపోతే శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను. వివాదాలు సింగపూర్ కోర్టుల్లోనే తేల్చుకోవాలని మీ టికెట్టు మీద ఉన్నా, వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షను ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే చోటే ఫిర్యాదు చేసుకోవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి అక్కడ రుసుము కూడా లేదు. మా జిల్లా కేంద్రంలోని బెంచీ మీద కూర్చుని ఎన్ని వాయిదాలకైనా రాగలను.

బిల్లు, రెండు ధరల పట్టిక, మీ రెండు జవాబులు, ఓడ వైద్యుడు ఇచ్చిన పత్రం దీనికి జతపరిచాను. మా ఐసొలేషన్ గది సంఖ్య ఆ పత్రం మీద ఉంది. దాని ఆధారంగా ఆగస్టు 22 నుంచి 26 వరకు ఆ అంతస్తులో తిండి పంచినవారి పేరు డ్యూటీ పట్టికలో మీకు దొరుకుతుంది. మాకు అతని పేరు తెలియలేదు. అతని వాటా అతనికి చేరిన రోజున, ఆ సంగతి నాకు ఒక్క వాక్యంలో రాయండి.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల.