కోసుకోవడం వాళ్ల వంతు, తిరగడం మా వంతా?

సంపాదకుడు గారికి నమస్కారం.

డిసెంబర్ 24న జరిగిన వినియోగదారుల దినోత్సవం గురించి మీ పత్రికలో వచ్చిన వార్త చదివి ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇక ఊరుకోలేక రాస్తున్నాను. వేదికెక్కిన పెద్దలందరిదీ ఒకటే మాట: ప్రజలు అప్రమత్తంగా ఉండాలి. అడక్కుండా ఫోన్లోంచీ ఖాతాలోంచీ సబ్‌స్క్రిప్షన్ డబ్బులు కోసుకునేవాళ్లు ఎలా ఉండాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. పోయిన డబ్బు ఎలా తిరిగొస్తుందో కూడా చెప్పలేదు.

మా పర్లాకిమిడిలో ఏ వీధికి వెళ్లినా ఈ గోడు వినిపిస్తుంది. మా వీధిలో పాలు పోసే ఆవిడది బటన్ల ఫోను. సూరత్‌లో ఉన్న కొడుకుతో మాట్లాడటానికి తప్ప ఆమెకు దానితో వేరే పని లేదు. పాలు కొలుస్తుండగా ఒక మెసేజీ దానంతటదే తెర మీదకొచ్చి కూర్చుంటుంది. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు, అడుగున 'ఓకే'. అది పోతే గాని ఫోను కదలదు, పోవాలంటే మధ్య బటన్ నొక్కాల్సిందే. నొక్కితే జాతకాల సర్వీసో, క్రికెట్ స్కోర్ల సర్వీసో మొదలవుతుంది, బాలెన్స్ తెగుతుంది. "నానేటి నొక్కినాను బాబూ, డబ్బులేసి రెండ్రోజులు కానేదు" అని ఆమె ఫోను నా చేతిలో పెట్టింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే హిందీలోనో ఒడియాలోనో అంకెలు నొక్కమంటుంది. చివరికి మనిషి దొరికితే "మీరే యాక్టివేట్ చేసుకున్నారు" అంటాడు. పోనీ, పాతపట్నంలో కొన్న సిమ్ అయితే మీది ఆంధ్రా సర్కిల్, అక్కడ అడగండని ఇంకో మాట. ఏరు దాటితే టవర్ మారిపోయే ఊళ్లో ఉన్నవాళ్లం, ఎవరిని అడగాలి?

ఇలాంటి సర్వీసు మొదలుపెట్టే ముందు వినియోగదారుడి సమ్మతి రెండోసారి కూడా తీసుకోవాలని ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ ట్రాయ్ 2013లోనే ఆదేశించింది. వద్దనుకుంటే ఆపించుకోవడానికి 155223 అనే ఉచిత నంబరు పెట్టించింది. చదవలేని భాషలో అడిగి, తెర మూసుకోవడానికి నొక్కిన బటన్‌ను సమ్మతి అంటే ఆ ఆదేశానికి విలువేముంది? ట్రాయ్‌కే ఫిర్యాదు చేద్దామంటే ఒక్కొక్కరి ఫిర్యాదులు అది తీసుకోదు. మళ్లీ ఆ కంపెనీకే, ఆ తర్వాత ఆ కంపెనీలోని అప్పీలు అధికారికే పెట్టుకోవాలి.

స్మార్ట్ ఫోను ఉన్నవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. ఒక్క రూపాయికే ట్రయల్ అంటారు, పిల్లలు సినిమా కోసం పిన్ కొట్టిస్తారు. ఆ రూపాయి వెనకే ఆటోపే, అంటే ప్రతిసారీ దానంతటదే డబ్బు కోసుకునే అనుమతి ఉంటుంది, వచ్చే నెల నుంచి వందలకు వందలు పోతాయి. 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి కోతకు 24 గంటల ముందే కబురు రావాలి, వద్దనుకుంటే రద్దు చేసుకునే వీలుండాలి. కబురు వస్తుంది, కాదనను. పదుల కొద్దీ లోన్ మెసేజీల మధ్య, పేరు చూస్తే ఏ కంపెనీయో కూడా తెలియని ఇంగ్లీషులో వస్తుంది. 15,000 రూపాయల లోపు కోతకు మళ్లీ ఓటీపీ కూడా అడగరు. మొదటిసారి పిన్ కొట్టారు కాబట్టి ఇది మోసం కిందకి రాదని బ్యాంకు చేతులు దులుపుకుంటుంది. కంపెనీని అడిగితే యాప్ స్టోర్ వాళ్లను అడగమంటుంది, వాళ్లు గడువు దాటిందంటారు. మూడు వందల రూపాయల కోసం కూలి మానుకుని ఎవరు తిరుగుతారు? తిరగరనే ధైర్యమే ఈ వ్యాపారానికి పెట్టుబడి.

బ్యాంకులు మాత్రం తక్కువ తిన్నాయా? సంతకం లేకుండా, ఒక్క మాటైనా అడగకుండా 436 రూపాయలు ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, 20 రూపాయలు సురక్షా బీమా ప్రీమియం కింద తెగిన పాస్‌బుక్కులు నేను కళ్లారా చూశాను. ఆ రెండు పథకాలూ మంచివే, ఒక్కోదానికి రెండు లక్షల రక్షణ ఉంది. కానీ బీమా ఉందని ఇంట్లో ఎవరికీ తెలియకపోతే, రేపు ఆ మనిషి పోయాక క్లెయిమ్ అడిగేదెవరు? కౌంటర్లో అడిగితే టార్గెట్లు సార్ అంటారు. పాస్‌బుక్ ప్రింటు మిషన్ ఎప్పుడు చూసినా పనిచేయదు. పనిచేసినప్పుడు పడే అక్షరాలు సగం తెగి ఉంటాయి. అసలు డబ్బు ఎందుకు పోయిందో తెలుసుకోవడమే ఇంత కష్టమైతే, వెనక్కి తెచ్చుకోవడం ఎక్కడి మాట? ఒకప్పుడు పోస్టాఫీసులో ఐదు రూపాయలు తేడా వస్తే పోస్టుమాస్టరే పుస్తకం తీసి లెక్క చూపించేవాడు.

చట్టాలు లేక కాదు. చందా వలలో దింపి బయటికి రానివ్వకపోవడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్‌లో విడుదల చేసిన 13 రకాల మోసపు పోకడల జాబితాలో చేర్చింది. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే ఫిర్యాదు వినడానికి రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, 14448 నంబరు ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనూ ఫిర్యాదు తీసుకుంటారు. ఆ రోజు వేదిక మీద 155223తో కలిపి ఈ మూడు నంబర్లయినా చదివి వినిపించి ఉంటే, వచ్చినవాళ్లు చీటీ మీద రాసుకుని వెళ్లేవారు.

అన్నిటికంటే ముఖ్యమైనది 2019 వినియోగదారుల రక్షణ చట్టం 16వ సెక్షన్. చాలామందికి ఒకేలా అన్యాయం జరుగుతుంటే ఫిర్యాదు తీసుకుని విచారించి, కేంద్ర సంస్థకు నివేదిక పంపే అధికారం జిల్లా కలెక్టరుకు ఇచ్చింది. ఒక్కొక్కరూ మూడు వందల కోసం తిరిగే అవసరం ఉండకూడదనే కదా ఆ సెక్షన్ పెట్టింది! ఇన్నేళ్లలో మా గజపతి జిల్లాలో దాన్ని ఒక్కసారైనా వాడారా? అధికారులు చెప్పాలి. సమ్మతి ఇచ్చినట్టు కంపెనీయే రుజువు చూపాలి. ఏడు రోజుల్లో చూపలేకపోతే, కోసిన ఖాతాలోకే, కోసిన ఫోన్లోకే డబ్బు తిరిగి వేయాలి. ఖాతాదారు చదవగలిగే భాషలో, ఇక్కడైతే ఒడియాలోనూ తెలుగులోనూ, మెసేజీ రావాలి. నివేదికలో ఈ మూడూ సిఫారసు చేయమని అడుగుతున్నాం.

వచ్చే సోమవారం గ్రీవెన్సులో మా వీధివాళ్లం పాస్‌బుక్కుల నకళ్లు జతచేసి కలెక్టరు గారికి అర్జీ ఇస్తున్నాం. దాని మీద విచారణ మొదలైందో లేదో మీ విలేకరి కనుక్కుని ప్రచురించాలని కోరుతున్నాను.

— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా