తాతగారి రసీదులు

విజయనగరం

చిట్టితల్లికి అమ్మ దీవెనలు.

నిన్న ఫోనులో నీ గొంతులో విసుగు వినిపించింది. సీనియరు గారు కోర్టులో నోరు విప్పనివ్వకుండా ఎస్టేటుల నాటి దస్తావేజులు చదివిస్తున్నారన్నావు. తెల్లవారగానే మా తాతగారి ట్రంకుపెట్టె తీశాను. జమీందారు దివాణానికి శిస్తు కట్టి ఆయన తెచ్చుకున్న రసీదులు అందులో ఉన్నాయి. అంచులు చీకిపోయాయి. దున్నే భూమి తనదని చూపడానికి ఆయన దగ్గర ఉన్న కాగితాలు అవే.

టంగుటూరి ప్రకాశం పంతులు గారు అనగానే 1928లో మద్రాసులో తుపాకులకు రొమ్ము చూపిన ధీరుడని బడిలో మాకూ చెప్పారు. నాకు మాత్రం 1937 నాటి రెవెన్యూ మంత్రే ఎక్కువ గుర్తుకొస్తాడు. జమీందారీ రైతుల సంగతి తేల్చే కమిటీకి ఆయనే అధ్యక్షుడు. 1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయం దాకా వెనక్కి వెళ్లి, భూమి రైతుదేనని, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేనని నివేదికలో రాశారు. పాత కాగితాల్లో ఏళ్ల తరబడి మునిగిన వకీలు కాకపోతే అంత గట్టిగా చెప్పగలిగేవారా? 1939లో మంత్రివర్గం రాజీనామాతో అది అక్కడే ఆగింది. ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో గాని రాలేదు. ఆ తర్వాత తాతగారికి వచ్చిన పట్టా కూడా ఈ పెట్టెలోనే ఉంది, రసీదుల మీద.

ప్రకాశం గారు పుట్టుకతో కలిగినవారు కారు తల్లీ. పదకొండేళ్లకే తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి చదివించారు. ఎవరెవరికో వండి వడ్డిస్తూ కొడుకు పుస్తకాలకు డబ్బు కూడబెట్టిన ఆ తల్లిని తలచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి. రెండో తరగతి ప్లీడరుగా మొదలైన ఆ కొడుకు ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చి మద్రాసులో బాగా గడించారు. 1921లో ప్రాక్టీసు వదిలేసి, గడించినదంతా స్వరాజ్య పత్రికకు ధారపోశారు.

రసీదులు పంపించను, దారిలో నలిగిపోతాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు చూద్దువుగాని. ఆ గొలుసుకట్టు రాత నాకు సగమే తెలుస్తోంది. నువ్వు చదివి వినిపించాలి.

వేళకు భోంచెయ్యి.

అమ్మ