ఒక మామూలు మంగళవారం

చిట్టితల్లీ,

ఆ రాత్రి నువ్వు అడిగిన ప్రశ్నకి "పడుకోవే, పొద్దున్నే ప్రయాణం" అని తప్పించుకున్నాను. జవాబు లేక కాదు. అర్ధరాత్రి దాటింది, నీ పెట్టె సగమే సర్ది ఉంది, మీ నాన్న పక్క కుర్చీలోనే కునుకు తీస్తున్నారు. అది నిలబడి చెప్పే జవాబు కాదు. ఫోన్‌లో చెబుదామంటే, నాలుగు మాటలు కాగానే "సరే సరే" అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నువ్వు అడిగింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "అమ్మా, నీకూ అలా ఒకరోజు పొద్దున వేరే జీవితంలో మెలకువ వస్తే, ఆ ఇంట్లో ఎవరుంటారు?"

ముందు సినిమా సంగతి. 2000లో వచ్చిన 'ది ఫ్యామిలీ మ్యాన్' అని చెప్పగానే మీ నాన్న ఆ పేరుతో వచ్చిన గూఢచారి సిరీస్ అనుకుని ఉత్సాహంగా కూర్చున్నారు. అరగంట చూసినా ఛేజింగులు రాకపోయేసరికి నిద్రలోకి జారుకున్నారు. మనిద్దరం మాత్రం చివరిదాకా చూశాం. నీ కళ్ళు రెండుసార్లు తడిశాయి. నేను చూడనట్టు ఊరుకున్నాను.

నాకు ఆ సినిమా నచ్చింది. కానీ ఆ తర్వాత రెండు రోజులు వంటింట్లో ఒక్కదాన్నే దానితో పోట్లాడుతూనే ఉన్నాను. కోట్లు సంపాదించి ఒంటరిగా ఉన్న జాక్, ఒక దేవదూత మాయతో కళ్ళు తెరిచేసరికి న్యూజెర్సీలో ఒక ఇల్లు, పక్కన పాత ప్రేయసి కేట్, ఇద్దరు పిల్లలు, కుక్క, మామగారి టైర్ల దుకాణంలో ఉద్యోగం. కేట్‌ని వదిలి వెళ్ళకపోయి ఉంటే దొరికేదట ఈ జీవితం. బాగానే ఉంది. మరి ఆ ఇల్లు కట్టిన జాక్ ఎవరు? అందులో ఉన్న 13 ఏళ్ళూ బతికింది ఇంకొకడు కదా. పిల్లలకి జ్వరాలొస్తే రాత్రుళ్ళు మేలుకున్నదీ, అప్పులు తీర్చిందీ, కేట్‌తో గొడవపడి మళ్ళీ మాట కలిపిందీ వాడు. కోట్లు సంపాదించిన ఈ జాక్ నేరుగా వచ్చి, వండి వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నాడు. కేట్ అతన్ని చూసి నవ్విందంటే, ఆ నవ్వు ఇంకొకడు కూడబెట్టింది. వాడెక్కడికి పోయాడని ఎవరూ అడగరు.

కేట్‌నీ ఎవరూ అడగలేదు. అసలు జీవితంలో ఆవిడ పెద్ద లాయరు, ఉద్యోగం మీద పారిస్ వెళ్ళిపోతోంది. ఆవిడకి ఏ దేవదూతా వచ్చి రెండో జీవితం చూపించలేదు. చూపించి ఉంటే, ఆ టైర్ల దుకాణం వాడి పెళ్ళాంగా ఉండే జీవితమే కావాలనేదో, పారిస్సే కావాలనేదో ఎవరికి తెలుసు? కలగన్నది అతను. దాన్ని నమ్మాల్సింది మాత్రం ఆవిడ.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది ఆ చిన్నపిల్ల, ఆనీ. ఇంట్లో పెద్దవాళ్ళెవరూ జాక్ మారాడని గుర్తుపట్టలేదు. పెళ్ళానికి తెలియలేదు, స్నేహితులకి తెలియలేదు. ఆరేళ్ళ పిల్ల ఒక్కసారి మొహం చూసి, నువ్వు మా నాన్నవి కాదని తేల్చేసింది. ఏ గ్రహం నుంచో వచ్చిన జీవి నాన్న వేషం వేసుకుందని అనుకుంది. అయినా భయపడలేదు, ఇంట్లో ఏది ఎలా చేయాలో దగ్గరుండి నేర్పింది. చివరికి ఏమైంది? జాక్ తన పాత జీవితంలో మేల్కొన్నాడు, కేట్ కోసం విమానాశ్రయానికి పరిగెత్తాడు, మనమందరం సంతోషించాం. ఆనీ లేదు. వాళ్ళిద్దరూ మళ్ళీ కలిసి పది మందిని కన్నా ఆ పిల్ల రాదు. నిజం కనిపెట్టిన ఒక్కగానొక్క మనిషిని సినిమా తుడిచేసింది. అది నీకు తట్టలేదనుకుంటా. తట్టనక్కర్లేదు కూడా, నీ వయసులో నేనూ జాక్ వెనకాలే పరిగెత్తేదాన్ని.

సరే, నీ ప్రశ్నకి వస్తాను. ఆ ఇంట్లో ఎవరుంటారు?

అతను ఉంటాడు. పేరు రాయను, నీకు అవసరం లేదు. ఎమ్మేలో నాతో చదివాడు. మేమిద్దరం పెళ్ళి చేసుకుంటామని స్నేహితులందరూ ఖాయం చేసేశారు, మేమూ దాదాపు ఖాయం చేసుకున్నాం. అతనికి విదేశంలో పరిశోధనకి సీటు వచ్చింది. నన్నూ అప్లై చెయ్యమన్నాడు. ఫారాలు తెప్పించాడు కూడా. నేను వెళ్ళలేదు. ఇన్నేళ్ళూ అందరికీ, నాకు నేను కూడా, అమ్మమ్మ ఆరోగ్యం బాగాలేదనే కారణం చెప్పుకున్నాను. అమ్మమ్మ ఆరోగ్యం బాగాలేని మాట నిజమే. కానీ నేను వెళ్ళనిది అందుకు కాదు. భయం వేసింది. అక్కడ నాకు ఏమీ చేతకాదేమోనని, అతని ముందు చులకనైపోతానేమోనని.

చూశావా, సినిమాలో వెళ్ళినవాడు పశ్చాత్తాపపడ్డాడు. ఇక్కడ ఆగిపోయినదాన్ని నేను. ఆ సినిమా తీసినవాళ్ళు మా కథ తీసి ఉంటే, నేను ఏ మంచు కురిసే ఊళ్ళోనో లేచి, అక్కడ ప్రొఫెసర్‌గా ఉండి, "అయ్యో, వెళ్ళాల్సింది కదా" అని ఏడ్చేదాన్ని. ఎటు తిప్పినా కథ అమ్ముడుపోతుంది. 1998లో వచ్చిన 'స్లైడింగ్ డోర్స్' అనే ఇంకో సినిమాలో అయితే, లండన్ మెట్రో రైలు తలుపు మూసుకునే క్షణంలోనే ఒకమ్మాయి జీవితం రెండుగా చీలిపోతుంది. ఈ సినిమాలకి ఒక తలుపో, ఒక విమానమో కావాలి. అది లేకపోతే చూపించడానికి ఏమీ ఉండదు.

ఆ జీవితాన్ని నేను చాలా ఏళ్ళు లోపల నడిపించాను. అబద్ధం చెప్పను. మీ నాన్నతో మాటామాటా వచ్చిన రోజున ఎక్కువగా నడిచేది. అందులో నేను పొద్దున్నే కిటికీ దగ్గర పుస్తకంతో కూర్చునేదాన్ని. గిన్నెలు ఎవరు తోమేవారో తెలియదు. అతనికి ఎప్పుడూ జలుబు కూడా చేసేది కాదు. విచిత్రం ఏమిటంటే నాకు ఇక్కడ జుట్టు నెరిసింది గానీ అక్కడ నెరవలేదు. దూరపు కొండలు నునుపు అని ఎంతమందికి చెప్పానో, నా కొండ దగ్గరికి వచ్చేసరికి ఆ సామెతే గుర్తురాలేదు.

ఇక్కడ "అప్పుడు నువ్వు పుట్టావు, ఆ జీవితం మరిచిపోయాను" అని రాస్తానని ఎదురుచూస్తున్నావేమో. రాయను. అది నిజం కాదు, పైగా నీకు అన్యాయం. నా లెక్క సరిపోవడానికి నిన్ను అందులో వేసుకోకూడదు. నువ్వు పుట్టాక కూడా ఆ కిటికీ అప్పుడప్పుడూ కనిపించేది. నువ్వంటే ప్రాణం, ఆ కిటికీ అన్నా ఇష్టం. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి, పెద్దగా కొట్టుకోలేదు కూడా.

అసలు చెప్పాలనుకున్నది ఇంకొకటి.

సినిమాలో 1987 నాటి ఆ మొదటి సీను మళ్ళీ గుర్తు తెచ్చుకో. జాక్ లండన్ వెళ్తున్నది ఎంతకాలానికి? ఒక్క ఏడాదికి. బ్యాంకులో శిక్షణకి. కేట్ ఈలోపు లా చదువుకోవాలి. ఇద్దరూ కలిసి వేసుకున్న ప్లానే అది. చివరి నిమిషంలో ఆమెకి మనసు కీడు శంకించి వెళ్ళొద్దంది, అతను ముద్దుపెట్టి వెళ్ళాడు. అంతే. అక్కడ ఎవరూ ఎవరినీ వదిలెయ్యలేదు. ఏడాదికి తిరిగొచ్చే మనిషి పదమూడేళ్ళదాకా ఎందుకు రాలేదు? ఆ ముక్క సినిమాలో లేదు. తర్వాతి సీన్లోనే అతను వాల్ స్ట్రీట్‌లో పెద్దమనిషి. మధ్యలో ఏం జరిగి ఉంటుంది? ఒక ఉత్తరం ఆలస్యమై ఉంటుంది. ఒక ఫోన్ "రేపు చేద్దాంలే" అని ఆగి ఉంటుంది. వాళ్ళిద్దరూ విడిపోయింది విమానాశ్రయంలో కాదే. ఏదో ఒక మామూలు మంగళవారం నాడు, ఇద్దరికీ తెలియకుండా.

అతను కోటీశ్వరుడయ్యాక కూడా మొదట్లోనే కేట్ దగ్గర్నుంచి ఒక మెసేజ్ వస్తుంది చూడు, ఫోన్ చెయ్యమని. చెయ్యడు. దేవదూత దిగి రావాల్సొచ్చింది పాపం, ఒక్క ఫోన్ చెయ్యనందుకు! తీరా చూస్తే ఆమె పిలిచింది, ఊరు మారుతోంది కాబట్టి అతని పాత సామాను ఒక పెట్టెలో పెట్టి ఇచ్చేద్దామని.

నాకూ ఒక ఉత్తరం వచ్చింది. అతను వెళ్ళిన ఆరు నెలలకి. అందులో ప్రేమ కబుర్లేమీ లేవు. ఉన్న గది చిన్నదనీ, లైబ్రరీ రాత్రి పన్నెండుదాకా తెరిచి ఉంటుందనీ, నువ్వు ఎలా ఉన్నావనీ. అడుగున కొత్త అడ్రసు. జవాబు రాద్దామనుకున్నాను. కానీ రాయడానికి నా దగ్గర గొప్ప సంగతి ఏదీ లేదు. ఉద్యోగం వచ్చాక రాద్దాం, మంచి వార్తతో రాద్దాం అనుకుని పుస్తకంలో పెట్టాను. ఉద్యోగం వచ్చింది. అప్పటికి ఇంత ఆలస్యంగా ఏం రాస్తాం అనిపించింది. వెళ్ళనన్న రోజు నాకు తారీఖుతో సహా గుర్తుంది. ఉత్తరం పుస్తకంలో పెట్టిన రోజు ఏ వారమో కూడా గుర్తులేదు. ఏళ్ళ తరబడి మొదటి రోజునే తిట్టుకున్నాను, రెండోదాని జోలికే పోలేదు.

మనసు అలాగే పనిచేస్తుందని నేను క్లాసులో పాతికేళ్ళు పాఠం చెప్పాను, అదీ విడ్డూరం. కానమన్, ట్వెర్స్కీ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1982లో రాసిన ఒక చిన్న ఉదాహరణ ఉంది. ఇద్దరు ప్రయాణికులు ట్రాఫిక్‌లో ఇరుక్కుని అరగంట ఆలస్యంగా విమానాశ్రయం చేరతారు. ఒకరి విమానం టైముకే వెళ్ళిపోయింది. రెండో విమానం ఆలస్యమై, ఐదు నిమిషాల క్రితమే వెళ్ళిందని చెబుతారు. ఎవరికి ఎక్కువ బాధ? అడిగితే దాదాపు అందరూ రెండో మనిషికే అంటారు. పోయింది ఇద్దరికీ ఒకటే. కానీ ఐదు నిమిషాలు ఊహించుకోవడం తేలిక, ఆ ఒక్క సిగ్నల్ పడకపోయి ఉంటే అని. అందుకే మనం వెనక్కి చూసినప్పుడల్లా గేటు దగ్గరే నిలబడతాం. మంగళవారాలు ఊహకి అందవు.

ఈ రకం సినిమాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1946 నాటి 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'. ఈసారి నువ్వొచ్చినప్పుడు చూద్దాం, నలుపు తెలుపు అని మొహం ముడుచుకోకు. ఆ కథ రాసినాయన దాన్ని ఎవరూ కొనకపోతే, 1943లో తనే 200 కాపీలు అచ్చు వేయించి క్రిస్మస్ గ్రీటింగు కార్డుల్లాగా తెలిసినవాళ్ళకి పోస్టు చేశాడు. అందులో ఒకటి ఎలాగో సినిమావాళ్ళ చేతిలో పడింది. సినిమా వచ్చినప్పుడు డబ్బులు రాలేదు. 1974లో కాపీరైటు గడువు పొడిగించుకోవడం మరిచిపోతే, టీవీవాళ్ళు ఊరికే వస్తోంది కదా అని ప్రతి క్రిస్మస్‌కీ వేసి వేసి దాన్ని ఇంటింటికీ చేర్చారు. సినిమాకే రెండో జీవితం దొరికిందన్నమాట. నాకు మాత్రం ఆ 200 కార్డులే గుర్తుంటాయి. గొప్ప వార్త వచ్చేదాకా ఆయన ఆగలేదు.

మీ నాన్నకి ఇవన్నీ తెలుసా అని నీకు అనుమానం రావచ్చు. తెలుసు. పెళ్ళికి ముందే చెప్పాను. ఉత్తరం సంగతి మాత్రం చెప్పలేదు, నాకే గుర్తులేదు కాబట్టి. కిందటేడు అలమర సర్దుతుంటే ఆ పుస్తకంలోంచి అదే జారిపడింది. ఆయన తీసి, చదవకుండా, అడ్రసు మాత్రం చూసి అడిగారు.

"దీనికి జవాబు రాశావా?"

"లేదు."

"రాయాల్సిందే," అన్నారు. మళ్ళీ పుస్తకంలో పెట్టి, అలమర దులపడంలో పడిపోయారు.

నాకు ఆ మాట దగ్గరే ఈయన మీద ఎప్పుడూ లేనంత ఇష్టం కలిగింది. ఇది ఆయనకి చెప్పకు.

ఇక నీ సంగతి. అలాంటి ప్రశ్న ఊరికే అడగవని నాకు తెలుసు. ఆ ఆఫర్ లెటరు నీ ఫోన్‌లో ఎన్నిసార్లు తెరిచి చూశావో పక్కన కూర్చుని చూశాను. ఆ అబ్బాయి ఇక్కడే ఉంటాడనీ తెలుసు. వెళ్ళమనీ చెప్పను, ఆగమనీ చెప్పను. నువ్వు టెన్షన్ పడుతున్నది గేటు దగ్గర ఏం చెయ్యాలా అని. అది నువ్వు చూసుకుంటావు, నాకంటే ధైర్యం ఉన్నదానివి. ఆ తర్వాత మాత్రం, చెప్పడానికి ఏమీ లేని రోజున కూడా అతనికి ఫోన్ చెయ్యి. ఏం తిన్నావని అడుగు. లైబ్రరీ ఎప్పటిదాకా తెరిచి ఉంటుందో చెప్పు.

సినిమా చివర్లో వాళ్ళిద్దరూ విమానాశ్రయంలో కాఫీ తాగుతూ కూర్చుంటారు కదా, బయట మంచు కురుస్తుంటుంది, మాటలు మనకి వినిపించవు. సరిగ్గా అప్పుడు మీ నాన్న లేచారు. నువ్వు కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళావు. ఆయన తెర వైపు చూసి, "ఏమంటున్నారు వాళ్ళు?" అని అడిగారు. వినపడటం లేదండీ అన్నాను. "సౌండ్ పెంచు మరి," అన్నారు.

ఆదివారం ఫోన్ చేస్తానన్నావు. చెయ్యి. ఆ అబ్బాయి పేరు నేను మీ నాన్నకి ఇంకా చెప్పలేదు, నువ్వే చెప్పు.

ప్రేమతో,
అమ్మ