అనుమతుల సమస్యను డేటా నష్టంగా రాసిచ్చిన మీ సర్వీసుపై ఫిర్యాదు

విజయవాడ

కస్టమర్ సర్వీసు విభాగాధిపతి గారికి,

విషయం: విండోస్ 11 వేసిన తరువాత పాత డిస్కులోని ఫోల్డర్లు తెరుచుకోకపోవడం, అందుకు మీ సిబ్బంది చెప్పిన తప్పుడు కారణం, ఆపైన చేసిన మరమ్మతు వల్ల కలిగిన నష్టం గురించి.

అయ్యా,

నేను ఇంట్లోనే డీటీపీ పని చేసుకునే మనిషిని. చిన్న ప్రచురణకర్తల పుస్తకాలు, సంఘాల సంచికలు, శుభలేఖలు కూర్చి ఇస్తుంటాను. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన పాత పుస్తకాల ఫైళ్లు, వాటిని యూనికోడ్‌లోకి మార్చుకున్న ప్రతులు, కుటుంబ ఫొటోలు, మా అమ్మాయి సర్టిఫికెట్ల స్కాన్‌లు అన్నీ నా ఇంటి కంప్యూటర్‌లోనే ఉంటాయి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆగిపోతాయని ప్రకటన వచ్చినందువల్ల, కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టి అందులో విండోస్ 11 వేయడానికి, పాత హార్డ్ డిస్కును రెండో డిస్కుగా అదే కంప్యూటర్‌లో ఉంచడానికి మీ సర్వీసు కేంద్రానికి పని అప్పగించాను. పాత డిస్కులోని డేటాను ముట్టుకోకుండా ఉంచుతామని మీ రసీదులోనే రాసి ఉంది.

కంప్యూటర్ ఇంటికి వచ్చాక పాత డిస్కు డి డ్రైవ్‌గా కనిపించింది. అందులోని యూజర్స్ ఫోల్డర్ తెరిచి, నా పేరుతో ఉన్న ఫోల్డర్‌పై నొక్కితే ప్రస్తుతం దీన్ని తెరిచే అనుమతి మీకు లేదన్న సందేశం వచ్చింది. దాని కింద ఉన్న కంటిన్యూ బటన్ నొక్కితే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగింది. ఆ పాస్‌వర్డ్ నాకెవరూ ఇవ్వలేదు. ఎందుకంటే నా పేరుతో మీవాళ్లు తెరిచింది సాధారణ ఖాతా మాత్రమే. అడ్మినిస్ట్రేటర్ ఖాతాను మీ సంస్థ పేరుతో తెరిచి, దాని పాస్‌వర్డ్‌ను మీ దగ్గరే ఉంచుకున్నారు.

నేను ఫోన్ చేసినప్పుడు వచ్చిన టెక్నీషియన్ ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్ చూసి, సైజు 0 బైట్లు అని ఉండటాన్ని నాకు చూపించి, డేటా కరప్ట్ అయిందని, రికవరీకి పంపాలని, అందుకు 14,500 రూపాయలు అవుతుందని జాబ్ షీటుపై రాసి సంతకం పెట్టి ఇచ్చారు. నా మొదటి అభ్యంతరం ఈ రాతపైనే. ఆ డిస్కులో ఒక్క ఫైలు కూడా పాడవలేదు. అది పాడవలేదని తెలుసుకోవడానికి ప్రత్యేక పరికరాలేవీ అక్కర్లేదని, ఆ రోజు తెరపై కనిపిస్తున్న వాటిని ఓపికగా చూసి ఉంటే ఎవరికైనా అర్థమయ్యేదని మీ సాంకేతిక విభాగానికి తెలియాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

తెరిచే అనుమతి లేని ఫోల్డర్‌కు విండోస్ సైజు లెక్కకట్టలేదు. లోపలికి వెళ్లి చూడలేని చోట అది 0 అని చూపిస్తుంది. లోపల ఏమీ లేదని దాని అర్థం కాదు. అదే సమయంలో డి డ్రైవ్ మొత్తంలో ఎంత చోటు నిండి ఉందో చూస్తే, సర్వీసుకు ఇవ్వకముందు ఎంత ఉండేదో ఇంచుమించు అంతే ఉంది. ఫోల్డర్ లెక్కకూ డ్రైవ్ లెక్కకూ వందల గిగాబైట్ల తేడా ఉన్నప్పుడు, ఆ తేడా ఎక్కడ ఉందని అడగడం టెక్నీషియన్‌కు రావలసిన మొదటి ప్రశ్న.

రెండో ఆధారం ఇంకా స్పష్టమైనది. ఇప్పుడు డి డ్రైవ్‌గా కనిపిస్తున్న పాత సి డ్రైవ్‌లో నేరుగా, యూజర్స్ బయట, నేను అచ్చు పనుల కోసం తయారుచేసుకున్న ఫోల్డర్ ఏ ఇబ్బందీ లేకుండా తెరుచుకుంది. యూజర్స్‌లోనే ఉన్న పబ్లిక్ అనే ఫోల్డర్ కూడా తెరుచుకుంది. తెరుచుకోనివి రెండే: నా పేరున్నది, మా అమ్మాయి పేరున్నది. డిస్కు చెడిపోతే ఆ చెడు మనుషుల పేర్లు చూసుకుని, సరిగ్గా వ్యక్తిగత ఫోల్డర్ల గడప దగ్గర ఆగదు కదా. డ్రైవ్ పైస్థాయిలో చేసుకున్న ఫోల్డర్లకు, లాగిన్ అయిన వాళ్లందరినీ కలిపి చెప్పే ఒక సామాన్య గుంపుకు విండోస్ అనుమతి ఇస్తుంది. ఆ గుంపు ఏ విండోస్‌లోనైనా ఒకటే కాబట్టి కొత్త విండోస్ కూడా దాన్ని గుర్తిస్తుంది. వ్యక్తిగత ఫోల్డర్లకు మాత్రం సిస్టమ్‌కు, అడ్మినిస్ట్రేటర్లకు, ఆ ఒక్క వ్యక్తికి తప్ప మరెవరికీ అనుమతి ఉండదు. తెరుచుకున్నవీ తెరుచుకోనివీ ఈ గీతకు అటూ ఇటూ అచ్చంగా సరిపోయాయి.

ఇక అసలు కారణం. విండోస్ డిస్కుపై ఫైళ్లను అమర్చుకునే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఉన్న డిస్కుపై ప్రతి ఫైలుకూ, ప్రతి ఫోల్డర్‌కూ ఒక యజమాని, ఎవరెవరు ఏమి చేయవచ్చో చెప్పే ఒక జాబితా రాసి ఉంటాయి. ఆ జాబితాలో మన పేరు ఉండదు. మన ఖాతాకు విండోస్ ఇచ్చిన భద్రతా గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఎస్-1-5-21 అని మొదలై, ఆ ఒక్క ఇన్‌స్టాలేషన్‌కు మాత్రమే చెందిన మూడు పెద్ద సంఖ్యలతో సాగి, చివర 1001 వంటి వరుస సంఖ్యతో అది ముగుస్తుంది. విండోస్‌ను కొత్తగా వేసి, పాత పేరుతోనే ఖాతా తెరిచినా ఈ సంఖ్య మారిపోతుంది. అందుచేత కొత్త విండోస్ దృష్టిలో నేను వేరే మనిషిని. పాత ఫోల్డర్ యజమాని ఎవరో దానికి తెలియదు, సెక్యూరిటీ ట్యాబ్‌లో అకౌంట్ అన్‌నోన్ అని ఆ పాత సంఖ్యను చూపిస్తుంది. పొలం ఉన్నచోటే ఉంది, పైరు కూడా అలాగే ఉంది, పట్టాదారు పాస్ పుస్తకంలో మాత్రం ఇప్పుడు ఊళ్లో ఎవరూ గుర్తుపట్టని పేరు ఉంది. చేయవలసింది పేరు మార్పించడమే గాని పొలం కొట్టుకుపోయిందని చెప్పడం కాదు. పాత డిస్కును కొత్త విండోస్‌కు తగిలించే ప్రతి ఇంట్లోనూ ఎదురయ్యే విషయమిది. రోజూ ఇదే పని చేసే సంస్థలో ఇది తెలియని టెక్నీషియన్ ఉండటం ఎలా సాధ్యమో నాకు అర్థం కాలేదు.

రికవరీకి నేను ఒప్పుకోలేదు. కంప్యూటర్ సైన్స్ చదివిన మా మేనల్లుడు వచ్చి, పెన్ డ్రైవ్ నుంచి ఉబుంటు (విండోస్‌కు బదులు నడిచే ఒక లినక్స్ వ్యవస్థ) నడిపించి చూస్తే నా ఫైళ్లన్నీ చక్కగా కనిపించాయి. విండోస్ రాసుకున్న అనుమతుల జాబితాను లినక్స్ సాధారణంగా పట్టించుకోదు కాబట్టి, డేటా నిజంగా ఉందో లేదో తేల్చుకోవడానికి ఇది తేలికైన మార్గం. ముఖ్యమైన వాటిని అప్పుడే బయటి డిస్కులోకి తీసుకున్నాం. డిస్కు ఆరోగ్యాన్ని పరీక్షించిన ప్రోగ్రాము కూడా దాని స్థితి బాగుందనే చూపింది. ఆ తెరల ఫొటోలు ఈ లేఖకు జతపరిచాను.

ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం లేకుండా చదవలేని రూపంలోకి మారి ఉండవచ్చని అనుమానించామని మీరు జవాబు రాయవచ్చు. ఎన్‌క్రిప్షన్ ఉంటే సంగతి వేరేనని నాకూ తెలుసు. విండోస్‌లోని ఫైల్ ఎన్‌క్రిప్షన్ వాడి ఉంటే యజమానిని మార్చినా పాత సర్టిఫికెట్ తాళం లేకుండా ఫైలు తెరుచుకోదు. డ్రైవ్ మొత్తాన్నీ ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఉంటే ఆ డ్రైవ్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. నా పాత విండోస్ హోమ్ ఎడిషన్. ఆ ఫైల్ ఎన్‌క్రిప్షన్ సౌకర్యం అందులో లేనే లేదు. డ్రైవ్ ఏ కీ అడగకుండానే తెరుచుకుంది. పైగా జాబ్ షీటులో ఎన్‌క్రిప్షన్ అన్న మాటే లేదు, కరప్ట్ అని మాత్రమే ఉంది.

ఈ ఆధారాలతో మళ్లీ ఫోన్ చేసినప్పుడు మీరు ఇంకో టెక్నీషియన్‌ను పంపారు. ఆయన డేటా ఉందని ఒప్పుకున్నారు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆయన చేసిన మరమ్మతు మొదటి తప్పు కంటే నాకు ఎక్కువ నష్టం కలిగించింది. నా ఫోల్డర్ ఒక్కదానికి నా ఖాతాను చేర్చవలసింది పోయి, డి డ్రైవ్ మొత్తానికి, ఆపైన విండోస్ ఉన్న సి డ్రైవ్‌కు కూడా కంప్యూటర్ వాడే అందరినీ సూచించే ఎవ్రీవన్ అనే పేరు చేర్చి ఫుల్ కంట్రోల్ ఇచ్చారు. లోపలి ఫైళ్లన్నిటి అనుమతులనూ దీనితోనే మార్చివేయమని టిక్ పెట్టారు. మధ్యలో వచ్చిన ఎర్రర్లన్నిటికీ కంటిన్యూ నొక్కుకుంటూ పోయారు. సి డ్రైవ్ ఎందుకని నేను అడిగితే, మళ్లీ ఎప్పుడూ ఈ సమస్య రాకుండా అని చెప్పారు.

దాని ఫలితం ఇది. సిస్టమ్ ఫైళ్లను మామూలు ఖాతా మార్చలేకుండా విండోస్ పెట్టుకున్న అడ్డు నా కంప్యూటర్‌లో ఇప్పుడు కొంతమేరకు లేదు. సాధారణ ఖాతాలో పొరపాటున ఒక చెడ్డ ప్రోగ్రాము నడిచినా, అది అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడగకుండానే అలా అనుమతి మారిపోయిన ఫైళ్ల మీద చేయి వేయగలదు. నా ఫోల్డర్ మా అమ్మాయి ఖాతా నుంచి, ఆమె ఫోల్డర్ నా ఖాతా నుంచి, ఇంటికి వచ్చినవారి కోసం తెరిచిన ఖాతా నుంచి రెండూ తెరుచుకుంటున్నాయి. ప్రచురణకర్తలు నన్ను నమ్మి ఇచ్చిన, ఇంకా అచ్చు కాని రాతప్రతులు అందులో ఉన్నాయి. స్టార్ట్ మెనూలోని కొన్ని యాప్‌లు ఆ రోజు నుంచి తెరుచుకోవడం లేదు.

వెనక్కి తిప్పడం కూడా తేలిక కాదు. మార్చేముందు అనుమతుల జాబితాను ఒక ఫైలుగా దాచుకునే వీలు ఐక్యాకల్స్ అనే ఆదేశంలో ఉంది. మీ టెక్నీషియన్ ఆ పని చేయలేదు. అదే ఆదేశంలోని రీసెట్, పై ఫోల్డర్ నుంచి వారసత్వంగా రావలసిన అనుమతులను మాత్రమే తిరిగి తెస్తుంది. ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే తన సొంత సేవ పేరిట విండోస్ తన ఫైళ్లకు విడివిడిగా రాసుకున్న అనుమతులు దానితో తిరిగి రావు. సి డ్రైవ్‌ను నమ్మకంగా వాడుకోవాలంటే విండోస్‌ను సక్రమంగా మళ్లీ వేయించుకోవడమే ఇప్పుడు నాకున్న దారి.

సరైన పద్ధతి మీకు తెలియదని కాదు. మీ సిబ్బంది పాటించలేదని చెప్పడానికే రాస్తున్నాను. అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో, ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, టేకోన్ ఆదేశంతో ఆ ఒక్క ఫోల్డర్ యాజమాన్యాన్ని తీసుకుని, ఐక్యాకల్స్‌తో ఆ ఫోల్డర్ అసలు యజమాని కొత్త ఖాతాకు మాత్రమే, లోపలి ఫైళ్లకూ ఫోల్డర్లకూ వర్తించేలా, ఫుల్ కంట్రోల్ ఇస్తే పని పూర్తయ్యేది. ఆ మాటకొస్తే నాకు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే, మొదటి రోజు కనిపించిన కంటిన్యూ బటన్‌తోనే చాలావరకు తెరుచుకునేది. నా కంప్యూటర్‌పై పూర్తి అధికారం ఉన్న ఖాతాను మీ దగ్గర ఉంచుకుని, నా ఫోల్డర్ తెరుచుకోకపోవడాన్ని డేటా నష్టమని నాకే చెప్పి రుసుము అడగడం నన్ను ఎక్కువగా బాధపెట్టిన విషయం. ఈ పద్ధతి అందరి కంప్యూటర్లలోనూ ఉందా, ఒకే పాస్‌వర్డ్‌ను అందరికీ పెడుతున్నారా అన్నది మీరు రాతపూర్వకంగా తెలియజేయాలి.

నేను కోరుతున్నవి ఇవి. డేటా కరప్ట్ అయిందన్న జాబ్ షీటు తప్పని, అడిగిన రికవరీ రుసుము అనవసరమని మీ సంస్థ సంతకంతో రాసివ్వాలి. సి డ్రైవ్‌లో విండోస్ 11ను ఉచితంగా, నా సమక్షంలో మళ్లీ వేయాలి. అడ్మినిస్ట్రేటర్ ఖాతా నా అధీనంలో ఉండాలి, మీ సంస్థ పేరున్న ఖాతా కంప్యూటర్‌లో మిగలకూడదు. డి డ్రైవ్ నుంచి ఎవ్రీవన్ అనుమతిని తొలగించి, ఎవరి ఫోల్డర్ వారికే తెరుచుకునేలా చేయాలి. రెండో టెక్నీషియన్ రాకకు తీసుకున్న రుసుము తిరిగి ఇవ్వాలి. ఇంతకంటే నేను గట్టిగా అడిగేది ఇంకొకటి ఉంది: విండోస్ మార్పు తరువాత ఇదే కారణం చెప్పి రికవరీకి డబ్బు తీసుకున్న వినియోగదారులు ఎవరైనా ఉంటే, వారి జాబ్ షీట్లను మళ్లీ పరిశీలించండి. మేనల్లుడు అందుబాటులో లేని ఇంట్లో ఆ 14,500 రూపాయలు కట్టేసేవారు. కట్టలేని ఇంట్లో ఆ డిస్కును చెరిపి కొత్తగా వాడుకునేవారు. అప్పుడు పిల్లల ఫొటోలు నిజంగానే పోయేవి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవాలోపమంటే నిర్లక్ష్యం ఒక్కటే కాదు. వినియోగదారునికి తెలియవలసిన సమాచారాన్ని కావాలని చెప్పకుండా దాచడం కూడా అందులోకి వస్తుంది. అడ్మినిస్ట్రేటర్ ఖాతా సంగతి నాకు చెప్పకపోవడం ఆ కోవలోకి వస్తుందనే నా అభిప్రాయం. ఈ లేఖ అందిన 15 రోజుల్లో మీ నుంచి రాతపూర్వకమైన జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించి, అక్కడా పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను.

టెక్నీషియన్‌ను పంపే ముందు రసీదులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి సమయం చెప్పించండి. పని అంతా మా ఇంట్లో, నా ఎదురుగా జరగాలి. పాత డిస్కును ఏ కారణంతోనూ సర్వీసు కేంద్రానికి పంపను.

ఇట్లు,
భవదీయురాలు,
(రసీదులో పేరున్న వినియోగదారురాలు)

జతపరచినవి: సర్వీసు రసీదు నకలు, టెక్నీషియన్ సంతకం ఉన్న జాబ్ షీటు నకలు, రెండో రాకకు చెల్లించిన రుసుము రసీదు, ఫోల్డర్ సైజు, డ్రైవ్‌లో నిండిన చోటు, ఉబుంటులో కనిపించిన ఫైళ్లు, సి డ్రైవ్ సెక్యూరిటీ ట్యాబ్ చూపే తెరల ఫొటోలు.