పూర్తి పేర్లు కాదు, పనిచేసే తీరు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. కంప్యూటర్ పరీక్ష ముందురోజు సీపీయూ, ర్యామ్ లాంటి కంప్యూటర్ భాగాల పూర్తి పేర్లు బట్టీ పడుతూ ఒకటే టెన్షన్. అల్గారిదమ్ (ఒక పనిని అంచెలంచెలుగా చేసే పద్ధతి) అంటే ఏమిటని అడిగితే నిర్వచనం గడగడా అప్పజెప్పింది కానీ ఒక్క ఉదాహరణ చెప్పలేకపోయింది. నాకు చాలా బాధేసింది.

ఆ రాత్రి వెయ్యి పేజీల నిఘంటువు ఇచ్చి ఒక మాట వెతకమన్నాను. సరిగ్గా మధ్యకు తెరవాలి. మాట ముందుందో వెనకుందో చూసి, అక్కర్లేని సగం వదిలేయాలి. మిగిలినదాన్ని మళ్లీ సగం చేయాలి. పదిసార్లు తెరిచేలోపే పేజీ దొరికింది. పది రెళ్లను వరసగా హెచ్చిస్తే 1024, అంటే వెయ్యి పేజీలకు పది సగాలు చాలు కదా! అల్గారిదమ్ అంటే ఇదే. మాటలు అక్షరక్రమంలో లేకపోతే ఈ కిటుకు పనిచేయదని తనే కనిపెట్టింది.

కంప్యూటర్‌కు తెలిసినవి అంకెలే. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌ అనే పట్టికలో మన ‘అ’ సంఖ్య 3077, ‘ఆ’ 3078. అది చెప్పగానే తన పేరును అంకెల్లో రాసుకుని మురిసిపోయింది.

వీటికి ల్యాబ్ అక్కర్లేదు, కరెంటు పోయినా ఆగవు. ఆరో తరగతి నుంచే ఇలాంటి ఆటలు పాఠాల్లో చేర్చాలని, ప్రశ్నపత్రాల్లో పూర్తి పేర్లకిచ్చే మార్కులు తగ్గించాలని రెండు రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాను.

– ఒక తండ్రి, ఖమ్మం